తాతయ్య జీపుకి తుప్పు ఎక్కడ పట్టింది?

ముందే చెప్పేస్తున్నా, ఇంజన్ స్టార్ట్ అయ్యే సౌండ్ కోసం వచ్చినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి. మధ్యలో కాగితాల గోల ఉంది, మా ఇంటి గోల కూడా ఉంది. స్కిప్ చేసుకుంటూ వెళ్తే మీ ఇష్టం గానీ, మీ ఇంట్లో కూడా షెడ్డులో ఒక పాత బండి పడి ఉంటే మాత్రం స్కిప్ చెయ్యొద్దు. అసలు విషయం అక్కడే ఉంది.

పోయిన వారం "మా ఫ్యామిలీ కన్వర్టిబుల్‌ని బాగుచేస్తున్నా" అని చెప్పి జీపు చూపించాను. చాలామంది తిట్టారు. "కన్వర్టిబుల్ అంటే ఎర్ర కారు అనుకున్నాం బ్రో, ఇదేంటి" అని. ఏమనుకున్నారండీ, మార్టూరులో? సముద్రం ఒడ్డున టాపు తీసుకుని తిరిగే స్పోర్ట్స్ కారు ఉంటుందా మా తాతయ్యకి? మిరపకాయలూ పత్తీ పండించే ఊళ్ళో టాపు తీసే బండి అంటే జీపే. కాన్వాస్ టాపు, దాన్ని పట్టుకునే ఇనప రాడ్లు, ముందుకి మడతపెట్టే అద్దం. తలుపులు లేవు. ఇంతకంటే కన్వర్టిబుల్ ఇంకేం కావాలి?

సరదాగా అంటున్నా గానీ ఇందులో ఇంజనీరింగ్ పాయింటు ఒకటి ఉంది. జీపుకి కింద చాసిస్ వేరు, పైన బాడీ వేరు. బరువంతా చాసిస్ మోస్తుంది. అందుకే పైన టాపు ఉన్నా లేకపోయినా బండికి తేడా పడదు. అంబాసిడరూ, పాత ఫియట్టూ అట్లా కాదు. వాటిలో బాడీయే ఎముకల గూడు. పెళ్ళి ఊరేగింపుల కోసం అంబాసిడర్ టాపు కోసేసిన బండ్లు మీరు చూసే ఉంటారు. పైకప్పు కోసేస్తే ఆ గూడులో ఒక పక్క లేనట్టే. కింద గట్టి పట్టీలు వెయ్యకపోతే కొన్నాళ్ళకి తలుపులు సరిగ్గా పడవు, మధ్యలో కుంగుతుంది. పూల కింద కనపడదు అంతే.

సరే, మా బండి గురించి. ఇది మహీంద్రా వాళ్ళు చేసిన విల్లీస్ సీజే-3బీ. 1965 మోడల్. అమెరికాలో విల్లీస్ కంపెనీ ఈ మోడల్‌ని 1953లో తెచ్చింది, 1968లో అక్కడ తయారీ ఆగిపోయింది. మన దగ్గర మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు తయారయింది. జపాన్‌లో మిత్సుబిషి కూడా లైసెన్స్ తీసుకుని ఇదే రూపంలో చేసింది. చూడగానే గుర్తుపట్టడానికి ఒకటే గుర్తు: బానెట్ ఎత్తుగా ఉంటుంది. యుద్ధం నాటి జీపు బానెట్ చదునుగా, కిందకి ఉంటుంది కదా, దీనిది మాత్రం ముక్కు పైకెత్తినట్టు ఉంటుంది. ఎందుకంటే హరికేన్ అనే ఇంజన్. పాత ఇంజన్‌లో వాల్వులన్నీ పక్కన బ్లాకులోనే ఉండేవి. హరికేన్‌లో గాలి లోపలికి వెళ్ళే వాల్వులని పైకి, హెడ్డులోకి తెచ్చారు. పొగ బయటికి వెళ్ళేవి మాత్రం బ్లాకులోనే ఉంచారు. సగం పాత, సగం కొత్త. దాంతో పవర్ పెరిగింది, ఇంజన్ ఎత్తూ పెరిగింది. ఆ ఎత్తు ఇంజన్ పట్టాలని బానెట్ పైకి లేపారు. అంతే డిజైను. స్టైల్ కోసం చేసింది కాదు.

చిన్న పిట్టకథ. మహీంద్రా కంపెనీ మొదలైనప్పుడు, 1945లో, దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. దేశం రెండయ్యాక భాగస్వామి గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్ళి అక్కడ ఆర్థికమంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అంటే పంపకాలతో పేరు మారిన కంపెనీ. పంపకాలు అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మా తాతయ్య దీన్ని 1974లో ఒక పొగాకు వ్యాపారి దగ్గర సెకండ్ హ్యాండ్ కొన్నారు. కొత్త బండి కాదు. ఇది మీరు గమనించాలి. మా ఇంట్లో బతికున్నవాళ్ళెవరూ ఈ జీపుని షోరూంలో ఉన్నట్టు చూడలేదు. వచ్చేటప్పటికే సొట్టలతో వచ్చింది. తాతయ్య వెనక ట్రయిలర్ తగిలించి మిర్చి టిక్కీలు గుంటూరు వేసుకెళ్ళేవారు. మార్టూరు నుంచి చిలకలూరిపేట మీదుగా 60 కిలోమీటర్ల పైనే. అప్పుడు ఆ రోడ్డు ఇప్పటి ఆరు లైన్ల హైవే కాదు. తిరిగొచ్చేటప్పుడు ఎరువుల బస్తాలు. ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవర్ని పాము కరిచినా, రాత్రి పన్నెండింటికి వచ్చి మా తలుపే కొట్టేవాళ్ళట. నాయనమ్మ ఇప్పటికీ లెక్క చెప్తుంది, "మన జీపులో ఆస్పత్రికి పోయి పుట్టినోళ్ళు ఈ వీధిలోనే నలుగురున్నారబ్బాయ్" అని. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు గ్రానైట్ ఫ్యాక్టరీ ఓనర్లు. నేను జీపు బాగుచేస్తున్నానని తెలిసి ఒకాయన ఫోన్ చేసి "అబ్బాయ్, మెషీన్ పని ఏదన్నా ఉంటే మా ఫ్యాక్టరీలో చేయించుకో" అన్నారు. రాళ్ళు కోసే మెషీన్‌తో జీపుకి ఏం చేస్తామండీ. కానీ ఆ మాట బాగుంది.

పెట్రోలు ధర పెరిగాక, 1982లో, తాతయ్య ఆ హరికేన్ ఇంజన్ పీకేయించి మెటడార్ వ్యాను డీజిల్ ఇంజన్ పెట్టించారు. ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే. నాకు తెలిసిన జీపు, మా నాన్నకి తెలిసిన జీపు, అంతా ఆ డీజిల్ సౌండే. వీధి చివర ఉండగానే తెలిసిపోయేది. అన్నం తినకుండా మారాం చేస్తుంటే నాయనమ్మ "అదిగో మీ తాత వస్తన్నాడు" అనేది. నేను గబగబా తినేసేవాణ్ణి.

2009లో తాతయ్య పోయారు. నాకప్పుడు పన్నెండేళ్ళు.

రెండేళ్ళ తర్వాత పంపకాలు జరిగాయి. పొలం, ఇల్లు, గేదెలు, ఇత్తడి బిందెలు, ఆఖరికి రోలూ పొత్రం కూడా నాన్నకీ బాబాయ్‌కీ పంచారు. అత్తయ్యకి కొంత డబ్బు ఇచ్చారు. ఎక్కడో ఒక మాట తేడా వచ్చింది. ఏ మాటో నాకు ఇప్పటికీ ఇద్దరూ వేర్వేరుగా చెప్తారు. జీపు దగ్గరకొచ్చేసరికి ఆగిపోయింది. నాన్న తీసుకుంటానంటే బాబాయ్ ఊరుకోలేదు, బాబాయ్ తీసుకుంటానంటే నాన్న ఊరుకోలేదు. అమ్మేసి సగం సగం చేద్దామంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. సరే, తర్వాత చూద్దాం అన్నారు పెద్దమనుషులు. రెండిళ్ళ మధ్య రేకుల షెడ్డులో పెట్టి తాళం వేశారు.

ఆ "తర్వాత" తొమ్మిదేళ్ళు నడిచింది.

మీకు నేను చెప్పాలనుకున్నది ఇదే. అందరూ అడిగారు, తుప్పు ఎందుకు అంత పట్టింది, వాన పడిందా అని. రేకులకి చిల్లులు పడ్డాయి, నిజమే. నాన్న బాగుచేయిస్తే బాబాయ్ "ఓహో, నీది అనుకుంటున్నావా" అంటాడని నాన్న చేయించలేదు. బాబాయ్ కూడా అదే భయంతో చేయించలేదు. ఇద్దరి ఇళ్ళ డాబాలు మాత్రం ఒక్క చుక్క కారవు. ఒక్కడి సొంతం అయ్యుంటే ఆ జీపు మీద కనీసం ఒక పట్టా కప్పేవాళ్ళు.

ఇక నా సంగతి. 2020లో లాక్‌డౌన్‌కి హైదరాబాద్ నుంచి ఇంటికొచ్చి, పగలు కోడింగ్, సాయంత్రం ఖాళీ. ఒకరోజు షెడ్డు తాళం తీశాను. అప్పుడు వీడియో కూడా తీశాను, పాత ఎపిసోడ్‌లో ఉంది. నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయి ఉన్నాయి. సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. మొదట్లో ఉత్త టైంపాస్. ఆ తర్వాత ఉద్యోగం మానేసి వీడియోల్లోకి వచ్చాక సీరియస్‌గా మొదలెట్టాను. బీటెక్ చదివాం కదా, మన చేతిలో పనే అనుకున్నా. నేను చదివింది కంప్యూటర్ సైన్స్ అన్న సంగతి ఆ ఉత్సాహంలో గుర్తురాలేదు.

నేను చేసిన పెద్ద తప్పు ఇప్పుడు చెప్తా. ఇది వీడియోలో పెట్టడానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదు.

బాడీ మీద ఐదు పొరల రంగు ఉంది. గీకుతూ కూర్చోలేక, బాడీని చాసిస్ నుంచి విప్పి శాండ్ బ్లాస్టింగ్‌కి పంపేశాను. ఎవర్నీ అడగలేదు. నాన్నకి చెప్పాను, బాబాయ్‌కి చెప్పలేదు. మూడు రోజుల్లో బాడీ తిరిగొచ్చింది. తెల్లగా, మెరుస్తూ, అద్భుతంగా ఉంది. నేను రీల్ కూడా పెట్టాను. ఆ రీల్ చూసి బాబాయ్ మా ఇంటికొచ్చాడు. పంపకాల తర్వాత మా గడప తొక్కడం అదే మొదటిసారి. లోపలికి రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఏరా అబ్బాయ్, వెనక డోరు లోపల గీతలేవిరా?" అన్నాడు.

ఏ గీతలు బాబాయ్ అన్నాను.

విషయం ఏంటంటే, తాతయ్యకి చదువు పెద్దగా రాదు. గుంటూరు యార్డుకి వెళ్ళిన ప్రతిసారీ ఎన్ని టిక్కీలు వేశామో వెనక డోరు లోపలి వైపు తెల్ల పెయింటుతో గీతలు పెట్టించేవారు. పెట్టేది బాబాయ్. అప్పుడు ఆయనకి తొమ్మిదేళ్ళు. నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. పక్కన సంవత్సరం. నేను అది చూశాను. చూసి, పాత పెయింటు కారిందనుకున్నాను.

నేను "సారీ బాబాయ్" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపు బాడీ వంక చూసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నా దగ్గరున్న క్లిప్పులన్నీ వెతికాను. 300 పైనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో మనం ఏ ఫైలు డిలీట్ చేసినా వెనక్కి తెచ్చుకోవచ్చు, అలవాటైపోయింది. ఇక్కడ అట్లాంటిది లేదు. ఒకే ఒక్క క్లిప్పులో, కెమెరా తిప్పుతుంటే రెండు సెకన్లు కనిపించింది. అదీ మసకగా. అడ్డగీతలు మూడు కనిపిస్తున్నాయి, "83" అన్న అంకె సగం. అంతే మిగిలింది.

అందుకే, మీలో ఎవరైనా పాత బండి ముట్టుకునే ముందు, స్పానర్ తియ్యకముందే ఫోన్ తియ్యండి. ప్రతి మూల, ప్రతి గీత, ప్రతి స్టిక్కరు, డోరు లోపల, సీటు కింద, టూల్ బాక్స్ మూత వెనక. తీసి ఇంట్లో పెద్దవాళ్ళందరికీ చూపించండి. మాట్లాడని వాళ్ళకి ముందు చూపించండి.

తర్వాత కాగితాలు. ఆర్సీ ఇప్పటికీ తాతయ్య పేరు మీదే ఉంది. గుంటూరు జిల్లా రిజిస్ట్రేషన్, మూడక్షరాల పాత నంబరు. గుంటూరు ఎందుకంటే అప్పటికి ప్రకాశం జిల్లా పుట్టలేదు, 1970లో వచ్చింది. 2022 నుంచి మా మార్టూరు బాపట్ల జిల్లాలో ఉంది. ఆ షెడ్డులోంచి కదలకుండానే జీపు జిల్లా మారింది!

రూల్ ఏంటంటే, ఓనరు చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఓకి తెలియజెయ్యాలి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టి వారసుల పేరు మీదకి మార్చుకోవాలి. మేము పెట్టింది పదిహేనేళ్ళు దాటాక. ఆలస్యానికి కట్టేది కట్టాలి, అది పెద్ద సమస్య కాదు. సమస్య ఏంటంటే, ఒకరి పేరు మీదకి మారాలంటే మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. నాయనమ్మ, నాన్న, బాబాయ్, అత్తయ్య. నాలుగు సంతకాలు. నేను కొన్న వెల్డింగ్ మెషీను, స్పానర్ సెట్టు, ఏవీ ఇక్కడ పనికిరావు.

నాయనమ్మ వేలిముద్ర వేసింది. అత్తయ్య నరసరావుపేట నుంచి వచ్చి సంతకం పెట్టి, చికెన్ వండి మరీ వెళ్ళింది. నాన్న సరే అన్నారు. బాబాయ్ దగ్గరికి నేను నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఇంట్లో లేరన్నారు, లోపల టీవీ సౌండ్ వినిపిస్తోంది. రెండోసారి "స్క్రాపుకి ఇచ్చేయండిరా, ఇప్పుడు గవర్నమెంటే తీసుకుంటోందిగా" అన్నాడు. మూడోసారి పిన్ని కాఫీ ఇచ్చింది. నాలుగోసారి ఏం జరిగిందో ఇంజన్ సంగతి అయ్యాక చెప్తా, ఎందుకంటే దానికీ దీనికీ లింకు ఉంది.

ఆర్సీ చూస్తుంటే ఇంకో విషయం బయటపడింది. ఇంధనం: పెట్రోలు అని ఉంది. అంటే 1982లో డీజిల్ ఇంజన్ పెట్టించినప్పుడు తాతయ్య ఆఫీసులో చెప్పనేలేదు. ఆర్సీలో ఉన్న వివరాలకీ బండికీ పొంతన లేకుండా మార్చకూడదన్నది చట్టం. ఇంజన్ మార్చాలంటే అదే మేక్, అదే టైపు, అదీ అనుమతితో. కాబట్టి మా ఇంట్లో అందరికీ గుర్తున్న ఆ డీజిల్ జీపు, కాగితాల ప్రకారం అసలు లేదు.

మరి పాత ఇంజన్ ఏమైంది? నాయనమ్మని అడిగితే "వాగు కాడ మోటారుకి పెట్టాడుగా" అంది. పొలంలో పాత పొగాకు బ్యారన్ వెనకాల, పత్తి కంప కింద దొరికింది. తాతయ్య దాన్ని కొన్నేళ్ళు నీళ్ళ పంపుకి తగిలించి వాడారట. పైన కాకిగూడు, కింద మట్టి. వాటర్ పంపు దగ్గర బ్లాకు మీద నంబరు గుద్ది ఉంటుంది. వైర్ బ్రష్‌తో రుద్ది, సుద్దముక్క పూసి చూస్తే అంకెలు ఒక్కొక్కటీ తేలాయి. ఆర్సీలో నంబరు, అదీ ఒకటే.

నేను గంతులేశాను. నాన్న వెయ్యలేదు. "అది పెడితే మీ తాత జీపు ఎట్టా అవుద్దిరా? మీ తాత జీపంటే ఆ డీజిల్ మోతే" అన్నారు. నిజంగా ఆలోచించాల్సిన మాట. నేను వారం రోజులు తేల్చుకోలేకపోయాను. కంపెనీ చేసినట్టు చెయ్యాలా, మనవాళ్ళు వాడినట్టు చెయ్యాలా? హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రోల్స్ రాయిస్ చూసి ఉంటారు. అట్లాంటి వాటికి ఈ సందేహం రాదు. ఎక్కువ తిరగలేదు, కాబట్టి తయారైన రూపమే దాని రూపం. మనలాంటి వాళ్ళ ఇళ్ళలో బండ్లకి అట్లా కాదు.

చివరికి నేను పెట్రోలు ఇంజనే అన్నాను. సెంటిమెంటు కోసం కాదు. డీజిల్ ఇంజన్ బరువుకి ముందు కమాన్ కట్టలు చదునైపోయాయి, చాసిస్‌లో ఇంజన్ మౌంటింగ్ దగ్గర రెండు పగుళ్ళు ఉన్నాయి. ఆ మూడు గేర్ల గేర్‌బాక్స్ ఆ ఇంజన్ కోసం చేసింది కాదు. పైగా కాగితాల్లో లేని ఇంజన్‌తో రోడ్డెక్కి, రేపు ఏదైనా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు మొట్టమొదట చూసేది అదే. నాన్న ఒప్పుకున్నారు, ముఖం మాత్రం ఒప్పుకోలేదు.

ఇంజన్ పని క్లుప్తంగా చెప్తా, ఎందుకంటే ఇది అందరి వీడియోల్లోనూ ఉంటుంది. పిస్టన్లు పట్టేశాయి. డీజిలూ గేర్ ఆయిలూ కలిపి ప్లగ్గుల కన్నాల్లో పోసి పది రోజులు వదిలేశాం. పదకొండో రోజు పొడుగు రాడ్ వేసి లాగితే "టక్" మని ఒక అంగుళం తిరిగింది. విప్పి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాం. మూడు సిలిండర్లు బోరింగ్‌తో సరిపోయాయి, నాలుగో దానికి లైనర్ వేశారు. స్పేర్లు దొరకవు అని భయపెడతారు, నమ్మొద్దు. ఈ ఇంజన్ మన దేశంలో అన్నేళ్ళు తయారైంది కాబట్టి గ్యాస్కెట్లు, బేరింగులు, పిస్టన్లు ఆటోనగర్‌లో అడిగితే ఉన్నాయి. కాకపోతే ఒక షాపాయన, పేరు చెప్పను, కార్బొరేటర్ సర్వీసుకని తీసుకుని నెల తర్వాత వేరే కార్బొరేటర్ ఇచ్చాడు. ఇది నాది కాదండీ అంటే, అన్నీ ఒకటే బాబూ అన్నాడు. మీ వస్తువు ఇచ్చేముందు గుర్తు పెట్టుకోండి.

ఇంకోటి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరు పైపులు, పెట్రోల్ పంపులో డయాఫ్రం దానికి తట్టుకోవు, మెత్తబడి పగులుతాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా, నెలలు నిలబెట్టిన బండికి ట్యాంకు లోపల తుప్పు. అందుకని పైపులన్నీ కొత్త రకం వేశాం. జీపులో ట్యాంకు ఉండేది సీటు కిందే, గుర్తుందిగా. లీకైతే ఎవరి కింద లీకవుతుందో ఆలోచించుకోండి.

బాడీకి వద్దాం. బ్లాస్టింగ్ అయ్యాక తుప్పు మొత్తం బయటపడింది. అన్నిటికంటే ఎక్కువ ఎక్కడ తిందో తెలుసా? ముందు కాదు, చక్రాల దగ్గర కాదు. వెనక ఫ్లోర్, సరిగ్గా ఎరువుల బస్తాలు వేసే చోటు. యూరియా, అమోనియం ఎరువులు గాల్లో తేమని లాగుతాయి, ఆ ఉప్పునీరు ఇనుముని తినేస్తుంది. రాలిన ఎరువు మూలల్లో చేరి, ఏళ్ళ తరబడి పని చేసింది. మా టింకరింగ్ మేస్త్రి చూడగానే చెప్పాడు, "ఇది వ్యవసాయం చేసిన బండి అయ్యా" అని.

మేస్త్రి గురించి ఒక మాట. ఆయనకి అరవై దాటాయి. చిల్లుల మీద షీటు అతికించి పుట్టీ రాసేస్తే ఒక వారంలో పని అయిపోయేది, నేను అదే అడిగాను కూడా. ఆయన ఒప్పుకోలేదు. తుప్పు పట్టిన ఇనుముని మంచి ఇనుము వచ్చేదాకా కోసేసి, కొత్త షీటు అదే ఆకారానికి సుత్తితో కొట్టి, అంచుకి అంచు పెట్టి కొంచెం కొంచెం అతికాడు. ఒకేసారి పొడుగ్గా వెల్డింగ్ లాగితే పల్చటి షీటు వేడికి వంకరపోతుంది. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క, చల్లారనిచ్చి మధ్యలో ఇంకో చుక్క. ఒక్క ఫ్లోరుకే పద్దెనిమిది రోజులు పట్టింది. మీరు పాత బండి కొనేటప్పుడు చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. పుట్టీ ఉన్నచోట అంటుకోదు.

రంగు. అందరూ మిలిటరీ గ్రీన్ వెయ్యి బ్రో అన్నారు. వెయ్యకూడదు. మోటారు వాహనాల నిబంధనల్లో 121వ రూలు, ఆలివ్ గ్రీన్ రంగు డిఫెన్స్ వాళ్ళ బండ్లకి తప్ప ఎవరూ వెయ్యకూడదు. మా జీపుకి కింది పొరలో దొరికింది బూడిద రంగు కలిసిన నీలం. అదే వేశాం.

ఇప్పుడు బాబాయ్ సంగతి. నాలుగోసారి వెళ్ళినప్పుడు నేను సంతకం అడగలేదు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి తెచ్చిన రూల్స్ చదివి వినిపించడానికి వెళ్ళాను. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉంటే వింటేజ్ కింద నమోదు చెయ్యొచ్చు. నంబరులో "వీఏ" అని వస్తుంది. కొత్తగా చేయించుకోవడానికి ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. పాత ఇంజన్ దొరికింది కాబట్టి మనం ప్రయత్నించొచ్చు బాబాయ్, గౌరవంగా ఉంటుంది అన్నాను. నాకు ఆ ప్లేటు మీద మోజు, దాచుకోవడం ఎందుకు.

ఆయన అంతా విని, "అయితే రోజూ తిప్పుకోవచ్చా?" అన్నాడు.

తిప్పకూడదు. ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కి, రిపేరుకి, పెట్రోలు కొట్టించుకోడానికి, అంతే. రోజువారీ పనులకీ, కిరాయికీ రోడ్డు మీదకి తీసుకురాకూడదు.

"పొలం పోడానికి పనికిరాని జీపు ఎందుకురా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన అప్పుడు అన్నాడు, సంతకం పెడతాను, రెండు షరతులు. ఒకటి, బండి మార్టూరు దాటి హైదరాబాద్ పోకూడదు. రెండు, మామూలు బండిగానే ఉండాలి, ఎవరికి పనిపడితే వాళ్ళు తీసుకెళ్ళాలి. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంటే ఏం, తాళం మాత్రం నాయనమ్మ దగ్గర.

అందుకని వింటేజ్ ప్లేటు లేదు. మామూలు రెన్యువలే. ఫారం 25, ఫిట్‌నెస్, అయిదేళ్ళకోసారి. 2025 ఆగస్టులో ఫీజులు పెంచారు, 20 ఏళ్ళు దాటిన కారుకి రెన్యువల్ ఫీజే 10,000. పైన ట్యాక్సులు వేరు. లెక్క వేసుకుంటే వింటేజే చవక, పదేళ్ళ తర్వాత మళ్ళీ రిజిస్ట్రేషన్‌కి 5,000. అయినా సరే. ఈ విషయంలో ఆయన చెప్పిందే కరెక్ట్ అని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. వింటేజ్ బండిగా చేసుంటే మళ్ళీ అదే షెడ్డులో, మంచి రంగుతో నిలబడి ఉండేది.

స్టార్ట్ చేసిన రోజు ఆదివారం. బ్యాటరీ ఉంది, సెల్ఫ్ ఉంది, అయినా నాన్న ముందు హ్యాండిల్‌తోనే తిప్పుతానన్నారు. మీరు ఎప్పుడైనా తిప్పితే బొటనవేలు హ్యాండిల్ చుట్టూ పెట్టొద్దు, మిగతా నాలుగు వేళ్ళ పక్కనే ఉంచండి. ఇంజన్ వెనక్కి తన్నితే బొటనవేలు పోతుంది. నాన్న మూడుసార్లు తిప్పారు, ఆయాసపడ్డారు. గోడ అవతల నుంచి బాబాయ్ "చోక్ లాగావా?" అని అరిచాడు. నాన్న చోక్ లాగలేదు. లాగి తిప్పితే, ఇదిగో, ఈ సౌండ్.

(ఇంజన్ స్టార్ట్ అయిన శబ్దం)

డీజిల్ లాగా లేదు కదా? మెత్తగా, కుట్టు మిషను లాగా. నాన్న కాసేపు విని "ఇదేందిరా, చప్పుడే లేదు" అన్నారు. నాయనమ్మ మాత్రం వాకిట్లోకొచ్చి "మొదట కొన్నప్పుడు ఇట్టాగే ఉండేది" అంది. మా ఇంట్లో ఆ సౌండ్ గుర్తున్నది ఆమె ఒక్కదానికే.

ఇప్పటికి స్టేటస్ ఇది. ఫారం 31 పెట్టాం, ఆర్టీఓలో ఇన్‌స్పెక్షన్‌కి డేట్ రావాలి. అప్పటిదాకా బండి షెడ్డులోంచి కదలదు. రేకులు మార్పించాం, ఖర్చు సగం సగం. టాపు ఇంకా కుట్టాలి. రాడ్లు సరిచేయించాం, కాన్వాస్ తెచ్చాం, చిలకలూరిపేటలో కుట్టే ఆయన పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక రమ్మన్నాడు. కాబట్టి ప్రస్తుతానికి మాది ఎప్పుడూ టాపు లేని కన్వర్టిబులే.

వెనక డోరు లోపలి వైపు రంగు వెయ్యలేదు, రెడ్ ఆక్సైడ్ మీదే ఉంచాం. బాబాయ్‌కి ఆ రెండు సెకన్ల క్లిప్పు చూపించాను. మళ్ళీ అట్లాగే గీయిద్దామా అని అడిగాను. వద్దన్నాడు. "పాతయి పాతయే. ఈసారి కోత అయ్యాక యార్డుకి ఒక ట్రిప్పు వేద్దాం, అప్పుడు కొత్త గీతలు పెడతాలే" అన్నాడు.

ఆ ట్రిప్పుకి ట్రయిలర్ కావాలి. పాతది ఎవరింటి దగ్గరుందో కనుక్కుంటున్నాం. దొరికితే వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తా. ఉంటానండి.